గుప్పెడు ఎర్రమట్టి, టకటక కర్ర, ఏటి పడవ

సర్దుకో. కాళ్ళు కప్పుకో. ఊఁ కొడుతూ ఉండాలి. నిద్రలో ఊఁ కొడితే నాకు తెలిసిపోతుంది, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊళ్ళలాంటిది కాదులే. సముద్రాలు దాటి పోగా పోగా స్కాట్లాండ్ అని ఒక చలి దేశం. అక్కడ వేసవిలో కూడా జనం కంబళ్ళు కప్పుకునే తిరుగుతారు. రైళ్ళు లేని కాలం. దొరలు రాతి ఇళ్ళు కట్టుకుని, గుర్రాల మీద తిరిగే కాలం. ఆ దేశంలో డన్‌రోవన్ అని ఒక ఊరు. ఆ ఊరికి గిల్‌క్రిస్ట్ అని ఒక దొర.

ఆ దొరకి మూడు ఆస్తులు. ఊరికి తూర్పున ఒక కొండ. కొండంతా ఎర్రమట్టి, మట్టి మీద పచ్చగడ్డి, గడ్డి మీద తెల్ల గొర్రెలు. కొండ కింద వాగు మీద ఒక నీటి మర. ఊరందరి బార్లీ గింజలూ అక్కడే పిండయ్యేవి. మర దాటి పడమటికి పోతే ఒక ఏరు. ఆ ఏట్లో నా చెయ్యంత పొడుగు సాల్మన్ చేపలు.

ఆస్తులు మూడున్నా, ఇంట్లో ఆయన మనుషులు మాత్రం ఇద్దరే. ఒకతె కూతురు మ్యూరియల్. పదహారేళ్ళది. నడవమంటే పరిగెత్తేది, చెప్పమంటే అరిచేది. రెండో మనిషి దొరని కన్నతల్లి, బెథోక్ అవ్వ.

బెథోక్ అవ్వకి డెబ్బై ఏళ్ళు దాటినా నడుం వంగలేదు. రొట్టె ఒక పక్క రవ్వంత మాడినా కుక్కకి పడేసి మళ్ళీ చెయ్యమనేది. చదువు రాదు. అయితే ఏం? ఎవరు ఏ ఏడు, ఏ పండగ పూట, ఏ గుమ్మంలో నిలబడి తనని ఏమన్నారో పొల్లుపోకుండా చెప్పేది. అలా మనసులో పెట్టుకోవడం తప్పని కొందరంటారు. నేనైతే అనను. మా తోటికోడలు నా పెళ్ళి పీటల మీద అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

సరే. ఒక చలికాలం దొరకి జ్వరం వచ్చింది. మూడు రోజులు మూలిగి, నాలుగో రోజు పోయాడు.

అప్పుడు చిక్కొచ్చి పడింది. ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. తండ్రి పోతే బిడ్డకి ఆస్తి దానంతట అది రాదు. కాగితం మీద లక్కముద్ర పడినా చాలదు. ఊళ్ళ దొరలందరికీ పై దొర ఒకడుంటాడు, అతను పంపిన అమీను అనే అధికారి వచ్చి, ఆ నేల మీదే నిలబడి, ఆ నేల మట్టీ, ఆ నేల రాయీ వారసుడి చేతిలో పెట్టాలి. మర అయితే, మరలో టకటకమని కొట్టుకునే కర్ర పెట్టాలి. ఏరైతే, వల ఒక చేతిలో, పడవ తాడు ఇంకో చేతిలో పెట్టాలి. ఊళ్ళోవాళ్ళు చుట్టూ నిలబడి "చూశాం" అనాలి. అంతా పట్టపగలే జరగాలి. పొద్దు గుంకాక ఇచ్చింది చెల్లదు.

ఇంకొకటి. తండ్రి పోయిన ఏడాది మీద ఒక్క రోజులోగా ఇదంతా అయిపోవాలి. ఆ రోజు దాటితే ఆస్తి దగ్గరి మగ చుట్టానికి పోతుంది.

ఆ దగ్గరి చుట్టం ఎవరనుకున్నావ్? ఫెర్కర్. బెథోక్ అవ్వ మరిది కొడుకు, మ్యూరియల్‌కి బాబాయి వరస. ఏటికి అవతల, పడమటి వైపు అతని ఇల్లు. అతనికీ ఒక కొండ ఉంది, కానీ అదంతా నల్లమట్టి, బురద. గొర్రె దిగితే గిట్టలు ఊడిరావు. ఇవతలి ఎర్ర కొండని చూస్తూ చూస్తూ అతని మెడ ఒక వైపుకి వంగిపోయిందని జనం నవ్వుకునేవాళ్ళు.

పై దొరకి యుద్ధాల గొడవ. ముద్ర వెయ్యడానికి తీరిక లేదు. వసంతం పోయింది, ఎండాకాలం పోయింది. చివరికి ఏడాది నిండి, ఆ మీద ఉన్న ఒక్క రోజు కూడా వచ్చేసింది. అమీను ఆ రోజే వస్తున్నాడని కబురొచ్చింది.

మ్యూరియల్ తెల్లవారకముందే లేచి గుమ్మంలో నిలబడింది. ఎవరూ రాలేదు. బార్లీ జావ తాగే వేళైంది. రాలేదు. గొర్రెలు తోలే వేళైంది. రాలేదు.

ఎందుకు రాలేదంటే, అమీను వచ్చే దారి ఫెర్కర్ గుమ్మం ముందు నుంచే. ఫెర్కర్ అతన్ని పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. ముందు వేట మాంసం పెట్టాడు. ఆ తర్వాత బార్లీ సారా పోశాడు. ఆ తర్వాత మెత్తటి పరుపు చూపించాడు. అమీను లావుపాటి మనిషి, మోకాళ్ళు వాచినవాడు. గుర్రు పెట్టి నిద్రపోయాడు.

మధ్యాహ్నం దాటాక, సన్నగా వాన పడుతుండగా, అమీను గుర్రం మీద వచ్చాడు. పక్కన ఫెర్కర్. ఫెర్కర్ చేతిలో ఒక బుట్ట.

అమీను పొయ్యి దగ్గర కూలబడి అన్నాడు: "అమ్మాయీ, ఈ వానలో, ఈ మోకాళ్ళతో నేను కొండలెక్కలేను. మీ బాబాయి మంచివాడు. అన్నీ బుట్టలో సర్దుకొచ్చాడు. మట్టిగడ్డ, రాయి, కర్ర, వల ముక్క. ఇక్కడే పుచ్చుకో. అయిపోతుంది."

"పుచ్చుకో తల్లీ," అన్నాడు ఫెర్కర్. "నీకెందుకు శ్రమ?"

మ్యూరియల్ గుండె గంతులేసింది. అమ్మయ్య, గడువు దాటలేదు! ఊరివాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు. ఆ పిల్ల రెండు చేతులూ చాపింది. చేతులు బుట్టలోకి వెళ్ళిపోయాయి కూడా.

ఠప్!

బెథోక్ అవ్వ గరిటతో మనవరాలి చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత మట్టిగడ్డ తీసి చిదిపింది. వాసన చూసింది. నాలిక మీద కొంచెం వేసుకుంది. తూ అని సరిగ్గా ఫెర్కర్ బూట్ల మీద ఉమ్మింది.

"మా కొండ మట్టి ఎర్రన," అంది. "ఇది నల్లన. ఇది నీ పెరటి మట్టి రా ఫెర్కర్. మీ పందుల వాసన కూడా పోలేదు."

"మట్టి మట్టే కదా పెద్దమ్మా!"

"అయితే నీ మొహం కూడా మొహమే."

గుమ్మంలో జనం కిసుక్కుమన్నారు. మ్యూరియల్‌కి మాత్రం అప్పుడే అర్థమైంది. ఆ మట్టి పుచ్చుకుని ఉంటే, రేపు తెల్లారి బాబాయి ఊరందరినీ పిలిచి, "పిల్ల పుచ్చుకున్నది నా పెరటి మట్టి. కొండని ఎవరూ పుచ్చుకోలేదు. గడువు దాటిపోయింది" అనేవాడు. చూశామన్నవాళ్ళు కూడా అదే చెప్పాల్సి వచ్చేది. చేతికి అంటిన నల్లమట్టిని ఆ పిల్ల పావడాకి తుడిచి తుడిచి వదిలింది.

అమీను నిట్టూర్చి లేచాడు. తిండిపోతే కానీ దొంగ కాదు. "సరే, పదండి. ఏరు దగ్గర కదా, ముందు అక్కడికి పోదాం."

"అవును నాయనమ్మా, ముందు ఏరు!" అంది మ్యూరియల్.

"కొండ ముందు," అంది బెథోక్ అవ్వ. "మీ తాత ముందు కొండ పుచ్చుకున్నాడు. మీ నాన్న ముందు కొండ పుచ్చుకున్నాడు. కొండ, మర, ఏరు. వరస తప్పితే నేను గడప దాటను."

"పొద్దు పోతోంది నాయనమ్మా!"

"పోతే పోనీ. వరస వరసే."

మ్యూరియల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఈ ముసలామె మొండితనం వల్ల మొత్తం పోతుందనుకుంది. కానీ నాయనమ్మ రానంటే ఊరు కదలదు. పళ్ళు కొరుక్కుని ఒప్పుకుంది.

అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? ఆ దేశంలో బురదనేల మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కట్టెల బదులు పొయ్యిలో కాలుస్తారు. ఆ ఇటుకలు మోసే బండికి చక్రాలుండవు. రెండు దుంగల మీద పలకలు, అంతే. వాన తడికి గుర్రం కొండెక్కదు కదా, అందుకని మ్యూరియల్ ఆ ఈడ్పుబండి తెచ్చి అమీనుని దాని మీద కూచోబెట్టింది. తాడు భుజాన వేసుకుంది. వెనక నుంచి గొర్రెల కాపర్లు తోశారు.

ఇక చూడు! తడి గడ్డి మీద బండి ఎగురుతుంటే అమీను కూడా ఎగురుతున్నాడు. "అయ్యో నా నడుం! అయ్యో నా టోపీ!" టోపీ ఎగిరి ఒక పొట్టేలు కొమ్ముకి తగులుకుంది. ఆ పొట్టేలు టోపీ పెట్టుకునే వాళ్ళ ముందు పరిగెత్తింది.

కొండ నెత్తికి చేరేసరికి వాన ఆగింది. అమీను వంగి, గడ్డి పెకలించి, గుప్పెడు ఎర్రమట్టీ ఒక రాయీ తీసి మ్యూరియల్ చేతిలో పెట్టాడు. "డన్‌రోవన్ కొండ, గడ్డితో, రాళ్ళతో, ఊటలతో సహా నీది."

"చూశాం! చూశాం! చూశాం!" అన్నారు జనం.

మట్టి తడిగా, బరువుగా ఉంది. నాన్న కూడా ఇక్కడే, ఇలాగే నిలబడి ఉంటాడు కదా అనుకుంది మ్యూరియల్. కానీ తలచుకుంటూ నిలబడే తీరిక లేదు. మట్టిని గుడ్డలో మూటగట్టి మెడకి వేలాడేసుకుంది. పడమటి వైపు చూస్తే మబ్బు విడి పొద్దు కనిపించింది. అప్పటికే ఫెర్కర్ కొండ మీదికి వాలిపోతోంది.

"పట్టుకోండి అమీను గారూ!" అంది. బండిని కొండ మీంచి కిందికి వదిలేసింది.

ఎక్కడానికి గంట పట్టింది కానీ దిగడానికి గుక్క తిప్పుకునేంత సేపు పట్టలేదు. గొర్రెలు చెల్లాచెదురు. అమీను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాడు. బండి జారి జారి, మర ముందున్న గడ్డివాములో దూరి ఆగింది.

మరలో దాన్ని నడిపే ఆడమ్ ఉన్నాడు. పిండి కొట్టుకుని తలా మీసాలూ తెల్లగా ఉన్నాడు. గింజలు పోసే తొట్టి కింద ఒక కర్ర టకటక, టకటక కొట్టుకుంటోంది. ఆ కర్ర కొడితేనే గింజలు రాతి మీదికి రాలేది.

"ఆడమ్ మామా, మర ఆపు! ఆ కర్ర కావాలి!" అని అరిచింది మ్యూరియల్.

"ఆపను," అన్నాడు ఆడమ్. "మీ నాయనమ్మ నాతో మాట్లాడి పదిహేడేళ్ళయింది. నువ్వు పుట్టిన విందులో, నా పిండిలో ఇసుక ఉందని నలుగురి ముందు అంది. ఆవిడొచ్చి అడగమను. అప్పుడాపుతా."

మ్యూరియల్ వెనక్కి తిరిగింది. బెథోక్ అవ్వ కర్ర పొడుచుకుంటూ అప్పుడే వస్తోంది. ఎండ మర గోడ మీంచి పైకి పాకుతోంది. గోడ సగం దాటింది. కిటికీ దాటింది.

"నాయనమ్మా, ఒక్క మాట! నాకోసం!"

అవ్వ మర గుమ్మంలో నిలబడింది. దవడ బిగించింది. ఆ తర్వాత అంది:

"ఆడమ్. నీ పిండిలో అప్పుడూ ఇసుక ఉంది, ఇప్పుడూ ఉంది. నిన్న రొట్టెలో నా పంటి కింద పడింది. ఉన్నది లేదని చెప్పను."

జనం తలలు పట్టుకున్నారు. మ్యూరియల్ కళ్ళు మూసుకుంది.

"కానీ," అంది అవ్వ, "నా మొగుడు పోయినప్పుడూ, నా కొడుకు పోయినప్పుడూ, రోజూ నీ మర చప్పుడు వింటూనే పనిలో పడ్డాను. అది ఆగిన రోజు నాకు ముద్ద దిగదు. ఫెర్కర్ చేతికి పోతే ఈ మరని నడపడు, పలకలు ఊడదీసి పందుల దొడ్డి కడతాడు. ఇప్పుడాపుతావా, ఆపవా?"

ఆడమ్ ఆవిడ వంక చూశాడు. మీసాల్లోంచి పిండి రాలింది. నవ్వాడు. పదిహేడేళ్ళకి కదా నవ్వడం, అందుకని నవ్వు ఒక పట్టాన ఆగలేదు. చెయ్యి ఎత్తి నీటి తలుపు మూశాడు. మర ఆగింది. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది.

అమీను కర్ర ఊడదీసి మ్యూరియల్ చేతిలో పెట్టాడు. "డన్‌రోవన్ మర, రాయితో, నీటితో, చక్రంతో సహా నీది."

"చూశాం! చూశాం! చూశాం!" అందరికంటే గట్టిగా అరిచింది ఆడమే.

ఆ తర్వాత ఏటికి పరుగు. బండి లాగేవాళ్ళలో ఇప్పుడు ఆడమ్ కూడా ఉన్నాడు.

ఏటి ఒడ్డున రాటకి వల ఉంది. పడవ లేదు!

అవతలి ఒడ్డు మీద ఫెర్కర్ నిలబడి పళ్ళికిలిస్తున్నాడు. జనం కొండ మీద ఉండగా వచ్చి తాడు విప్పి వదిలేసి, గుర్రం మీద అవతలికి దాటేశాడు. పడవ కొట్టుకుపోయి ఏటి నడుమ ఒక రాతికి తట్టుకుని ఊగుతోంది. తాడు నీళ్ళలో తేలుతోంది.

"పడవ లేనిదే ఏరు ఇవ్వకూడదమ్మాయీ," అన్నాడు అమీను దిగులుగా.

అతని మాట పూర్తి కాకముందే మ్యూరియల్ నీళ్ళలో ఉంది. అవి నీళ్ళు కావు, కత్తులు. మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి, మెడ దాకా వచ్చాయి. మట్టి మూటని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంది. తాడు అందింది. పళ్ళతో కరిచి పట్టుకుంది. ఇవతలి ఒడ్డు వైపు తిరిగి లాగింది, లాగింది, లాగింది. పడవ రాయి వదిలి కదిలింది.

సరిగ్గా అప్పుడే ఏరంతా నల్లబడింది. పొద్దు ఫెర్కర్ కొండ వెనక్కి దిగిపోయింది.

"పొద్దు గుంకింది!" ఫెర్కర్ అవతలి ఒడ్డున గంతులేశాడు. "అందరూ చూశారా? గుంకింది! ఏరు నాది! ఏరు లేనిదే మిగతాదీ చెల్లదు!"

వల పట్టుకున్న అమీను చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒడ్డున బెథోక్ అవ్వ మొట్టమొదటిసారి కర్ర మీదికి వంగింది.

మ్యూరియల్ మెడలోతు నీళ్ళలో నిలబడి వణుకుతోంది. ఏడవాలంటే పళ్ళ మధ్య తాడుంది. అందుకని కళ్ళెత్తి ఇంటి వైపు చూసింది. ఇంటి మీద నీడ. మర మీద నీడ. ఆ పైన...

తాడు నోట్లోంచి చేతిలోకి తీసుకుని అరిచింది. "అమీను గారూ! వెనక్కి తిరగండి! ఆ కొండ ఎవరిది?"

అమీను తిరిగాడు. "నీదేనమ్మా. ఇందాకేగా నీ చేతిలో పెట్టాను."

"ఇంకోసారి చూడండి!"

అమీను చూశాడు. జనం చూశారు. డన్‌రోవన్ కొండ నెత్తిన ఇంకా ఎండ ఉంది! ఎర్రటి ఎండ. గొర్రెల వీపులు మెరుస్తున్నాయి. అమీను గడ్డి పెకలించిన చోట ఎర్రమట్టి నిప్పులా వెలుగుతోంది. టోపీ పెట్టుకున్న పొట్టేలు కూడా కనిపిస్తోంది.

"నా నేల మీద ఇంకా ఎండ ఉంది," అంది మ్యూరియల్. "నా నేల మీద పొద్దు గుంకలేదు!"

"కానీ ఇక్కడ..." అని మొదలెట్టాడు ఫెర్కర్.

బెథోక్ అవ్వ నడుం నిటారుగా లేచింది. "నీ కొండకి గుంకింది రా ఫెర్కర్! మాకు కాదు. ఇంటికెళ్ళి దీపం పెట్టుకో!"

అమీను ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. ఆ తర్వాత వాచిన మోకాళ్ళ సంగతి మర్చిపోయి, బూట్లతోనే ఏట్లోకి దూకాడు. ఆ లావు మనిషి దూకుతుంటే నీళ్ళు ఒడ్డున ఉన్న అందరి మీదా పడ్డాయి. మ్యూరియల్ ఒక చేతిలో వల పెట్టాడు. ఇంకో చేతిలో ఉన్న తాడు మీద తన చెయ్యి వేశాడు. "డన్‌రోవన్ ఏరు, చేపలతో, పడవతో, రెండొడ్డుల మధ్య నీళ్ళతో సహా నీది!"

"చూశాం! చూశాం! చూశాం!"

ఆ మూడో చూశాం అంటుండగా కొండ నెత్తిన ఎండ ఆరిపోయింది.

ఆ రాత్రి డన్‌రోవన్‌లో విందు. మరలో టకటక కర్ర మళ్ళీ పెట్టారు. చన్నీళ్ళలో నిలబడ్డాక తన మోకాళ్ళ వాపు తగ్గిందని అమీను అందరికీ లుంగీ మడిచినట్టు బట్టలు పైకెత్తి చూపించాడు. అతని టోపీ మాత్రం పొట్టేలు ఇవ్వలేదు.

మ్యూరియల్ నాయనమ్మ పక్కన చేరి చెవిలో అడిగింది. "నాయనమ్మా, సాయంత్రం ఎండ మన కొండ మీద ఆలస్యంగా పోతుందని తెలిసే కొండ ముందన్నావా? లేక మొండికేసి అన్నావా?"

బెథోక్ అవ్వ పెనం మీద రొట్టె తిప్పింది. ఒక పక్క రవ్వంత మాడింది. కుక్కకి పడేసింది.

ఫెర్కర్‌ని అవ్వ క్షమించిందా అంటావా? ఎందుకు క్షమిస్తుంది? అతని బుట్ట తిరిగి ఇవ్వలేదు. ఆ నల్లమట్టిలో ఉల్లికాడలు వేసి గుమ్మం పక్కన పెట్టింది. బ్రహ్మాండంగా వచ్చాయి. ఏటేటా ఆ రోజున ఒక కట్ట కోసి పడవలో ఫెర్కర్‌కి పంపేది. "నీ మట్టి బాగుందిరా, ఇంకో బుట్ట పంపు" అని కబురు కూడా పెట్టేది.

ఆడమ్‌తో మాత్రం రోజూ మాట్లాడేది. పిండిలో ఇసుక ఉందనే మాట్లాడేది.

ఊఁ ఏదీ? వినపడ్డంలేదు. సరే, పడుకో.

మట్టి చేరె గుప్పిటికి,
కర్ర చేరె మరలోకి,
పడవ చేరె ఒడ్డుకి,
ఎండ చేరె కొండకి,
కథేమో కంచికి,
మనమేమో దుప్పట్లోకి.